విజయనగరంలో ఆర్మీ లేదు.. మరి ఈ 'కంటోన్మెంట్' ఎక్కడిది? పటాలం వెళ్లిపోయినా మిగిలిపోయిన ఊరి కథ

విజయనగరంలో ఆటో ఎక్కి 'కంటోన్మెంట్' అనండి. డ్రైవర్ ఇంకో ప్రశ్న అడగడు, రేటు చెప్తాడంతే. కలెక్టరేట్‌లో పని ఉన్నవాళ్లు అటే వెళ్తారు. పోలీస్ ట్రైనింగ్ కాలేజీ అటే. పోస్టల్ అడ్రస్‌లో కూడా కంటోన్మెంట్ అనే రాస్తారు, పిన్ కోడ్ 535003. జిల్లాలో ఈ పేరు తెలియనివాళ్లు దాదాపు ఉండరు.

కానీ కంటోన్మెంట్ అంటే ఆర్మీ ఉండే ఏరియా కదా? సికింద్రాబాద్ వెళ్లినవాళ్లకి ఆ సీన్ తెలుసు. రోడ్డుకి అడ్డంగా గేటు, గేటు దగ్గర సెంట్రీ, పొడవాటి కాంపౌండ్ గోడలు. విజయనగరంలో అలాంటిదేమీ లేదు. రెజిమెంట్ లేదు, కంటోన్మెంట్ బోర్డు లేదు. దేశంలో 60కి పైగా కంటోన్మెంట్ బోర్డులు ఉంటే, రెండు తెలుగు రాష్ట్రాల్లో కలిపి ఉన్నది ఒక్కటే. అది సికింద్రాబాద్.

మరి విజయనగరానికి ఈ పేరు ఎందుకొచ్చింది? ఎవరు పెట్టారు? సైన్యం వెళ్లిపోతే దాని చుట్టూ బతికినవాళ్లు ఏమయ్యారు? భోగాపురం ఎయిర్‌పోర్టుకీ ఈ కథకీ లింకేంటి? ఒక్కొక్కటిగా చూద్దాం.

దండు, పటాలం, లష్కర్.. అన్నీ ఒకటే

ముందు పేరు సంగతి. కంటోన్మెంట్ ఇంగ్లిష్ వాళ్లకి ఫ్రెంచ్ నుంచి వచ్చిన మాట. సైన్యాన్ని ఒకచోట దించి, అక్కడే కొన్నాళ్లు ఉంచడం అని దానికి అర్థం. మనవాళ్లకి అప్పటికే సొంత మాటలున్నాయి. 'దండు' ఉంది. 'పటాలం' ఉంది. ఉర్దూ నుంచి వచ్చిన 'లష్కర్' ఉంది. విశాఖ మహారాణిపేట దగ్గరి దండు బజార్‌కి ఆ పేరు అలా వచ్చిందే. సికింద్రాబాద్ బోనాలను ఇప్పటికీ లష్కర్ బోనాలు అంటున్నాం. ఊరి పేరులో ఈ మాటల్లో ఏదో ఒకటి కనిపిస్తే, అక్కడ ఒకప్పుడు సైన్యం దిగిందనో, సైన్యం కోసం బజారు వెలిసిందనో అనుమానించొచ్చు.

కోటకీ కంటోన్మెంట్‌కీ చాలా తేడా ఉంది. కోట రాజుగారి ఇల్లు. గోడ ఉంటుంది, కందకం ఉంటుంది, రాజు లోపలే ఉంటాడు. కంటోన్మెంట్‌కి గోడ అక్కర్లేదు. అది ఊరికి కాస్త దూరంగా, గాలి తగిలే మెరకలో, నీళ్లకి దగ్గరగా వేసుకున్న శాశ్వత క్యాంపు. కోటను కాపాడడం దాని పని కాదు. నిజం చెప్పాలంటే కోటలో ఉన్నవాళ్ల మీద ఓ కన్నేసి ఉంచడమే దాని పని. విజయనగరంలో జరిగింది సరిగ్గా ఇదే.

ఇంగ్లిష్ వాళ్ల కంటే ముందే

ఉత్తరాంధ్రలో సైన్యం చుట్టూ ఊరు పెరగడం అనేది బ్రిటిష్ వాళ్లతో మొదలవలేదు. శ్రీకాకుళమే దానికి పాత ఉదాహరణ. ఇంగ్లిష్ రికార్డుల్లో ఇది చికాకోల్. గోల్కొండ సుల్తానుల కాలంలో ఇక్కడ ఫౌజ్‌దార్ ఉండేవాడు. ఫౌజ్ అంటే సైన్యం. అంటే పన్ను వసూలు చేసే అధికారి చేతిలోనే సైన్యం కూడా ఉండేదన్నమాట. శ్రీకాకుళంలో ఇప్పుడు చూస్తున్న జామియా మసీదును 1641లో ఫౌజ్‌దార్ షేర్ మహమ్మద్ ఖాన్ కట్టించాడు. ఫౌజ్‌దార్ వెనక సిపాయిలు, లెక్కలు రాసేవాళ్లు, గుర్రాల వ్యాపారులు, బట్టల వ్యాపారులు వచ్చి చేరతారు. అలా నాగావళి ఒడ్డున ఊరు పెద్దదైంది. చికాకోల్ మస్లిన్ బట్టకి దూరదేశాల్లో కూడా పేరుండేది.

తర్వాత కథ స్పీడుగా మారిపోయింది. నిజాం చేతి నుంచి 1753లో ఫ్రెంచ్ వాళ్లకి, 1765-66లో ఇంగ్లిష్ కంపెనీకి ఉత్తర సర్కారులు చేతులు మారాయి. ఈ మధ్యలోనే 1757 జనవరిలో బొబ్బిలి యుద్ధం, 1758 డిసెంబర్‌లో చందుర్తి యుద్ధం. చందుర్తిలో విజయనగరం రాజు ఆనంద గజపతిరాజు ఇంగ్లిష్ వాళ్ల పక్కన నిలబడ్డాడు. విజయనగరం కోట అప్పటికి ఇంకా కొత్తదే, దాన్ని కట్టింది 1713లో.

ఒక్కమాట ఇక్కడ చెప్పుకోవాలి. కంపెనీ వాళ్ల సైన్యం అంటే తెల్లవాళ్ల సైన్యం అని చాలామంది ఊహించుకుంటారు. ఆఫీసర్లు తెల్లవాళ్లే, కానీ తుపాకీ పట్టింది ఎక్కువగా మనవాళ్లే. ఎంతగా అంటే ఉత్తరాదిన కంపెనీ సిపాయిని 'తిలంగా' అనే పిలిచేవాళ్లు. తెలుగు దేశం నుంచి వచ్చినవాడని ఆ మాటకి అర్థం. బెంగాల్‌లో, బీహార్‌లో సిపాయికి మన భాష పేరే ఇంటిపేరైపోయింది.

ఆ సిపాయిలు చెప్పిన మాటల్లా వినేవాళ్లు కూడా కాదు. 1780 అక్టోబర్ 3న విశాఖపట్నంలో ఏం జరిగిందో చూడండి. హైదర్ అలీ మీద యుద్ధానికి మద్రాసు వెళ్లాలి, ఓడెక్కండి అని ఆర్డర్ వచ్చింది. సిపాయిలు ఎక్కం అన్నారు. తిరగబడ్డారు, కొందరు ఇంగ్లిష్ వాళ్లు చనిపోయారు. 1857 తిరుగుబాటుకి ఇది 77 ఏళ్ల ముందు సంగతి. స్కూల్ పుస్తకాల్లో మనకి ఎందుకు గట్టిగా చెప్పలేదో మరి.

పద్మనాభం యుద్ధంతో మలుపు

విజయనగరం రాజ్యానికి పెద్ద సైన్యం ఉండేది. కంపెనీకి నచ్చనిది అదే. సైన్యాన్ని తీసేయాలి, పేష్‌కష్ పెంచి కట్టాలి, పాత బకాయిలు తీర్చాలి.. ఇవీ మద్రాసు నుంచి వచ్చిన డిమాండ్లు. చిన విజయరామరాజు దగ్గర అంత డబ్బు లేదు. 1793లో కంపెనీ బలగాలు విజయనగరం కోటను తమ చేతిలోకి తీసుకున్నాయి. రాజును మద్రాసు వెళ్లిపొమ్మన్నారు. ఆయన వెళ్లలేదు. విజయనగరానికీ భీమిలికీ మధ్యలోని పద్మనాభం చేరుకుని, తనవాళ్లతో అక్కడే ఉండిపోయాడు.

1794 జూలై 10. కల్నల్ ప్రెండర్‌గాస్ట్ నడిపిన కంపెనీ సైన్యం పద్మనాభం మీద పడింది. యుద్ధం ఎక్కువసేపు సాగలేదు. రాజు చనిపోయాడు, ఆయనతో పాటు చాలామంది దొరలు, అనుచరులు ప్రాణాలిచ్చారు. తర్వాత వారసుడు నారాయణబాబుకి జమీందారీ తిరిగి ఇచ్చారు కానీ కొండ జమీందార్లను విడదీసి చిన్నది చేసి ఇచ్చారు. ఇక విజయనగరం వారు రాజులు కాదు, కంపెనీకి శిస్తు కట్టే జమీందార్లు.

రాజ్యానికి సొంత సైన్యం పోయింది. ఆ ఖాళీలోకి కంపెనీ సైన్యం వచ్చింది. రాజుగారి పౌజులో జీతం తీసుకున్నవాళ్లకి, భూమి మీద బతికినవాళ్లకి ఒక్కసారిగా పని పోయిందని మర్చిపోకూడదు. యుద్ధం గురించి మాట్లాడేటప్పుడు రాజు మరణం దగ్గరే ఆగిపోతాం. వేలాదిమందికి నెల జీతం ఆగిపోవడం కూడా ఆ యుద్ధం ఫలితమే.

మరి కంపెనీ సైన్యం తర్వాత ఎందుకు వెళ్లిపోలేదు? కొండల వల్ల. పాలకొండ, పర్లాకిమిడి, జయపురం వైపు జమీందారీల్లో గొడవలు ఆగలేదు. 1832లో జార్జ్ రస్సెల్ అనే అధికారిని మద్రాసు ప్రభుత్వం స్పెషల్ కమిషనర్‌గా పంపింది. 1833లో పాలకొండ జమీందారీని లాగేసుకున్నారు. ఆ వెంటనే గుంసూరు యుద్ధం. 1839లో కొండ ప్రాంతాలకి వేరే చట్టం చేసి ఏజెన్సీ అన్నారు. ఇంత జరుగుతుంటే కొండకీ సముద్రానికీ మధ్యలో, భీమిలి రేవుకి 17 మైళ్ల దూరంలో ఉన్న విజయనగరం కంటే సైన్యానికి మంచి చోటు ఏముంటుంది?

చెరువుకి ఇటు కోట, అటు పటాలం

బ్రిటిష్ కాలం నాటి గెజెటీర్లు విజయనగరాన్ని వర్ణించిన తీరు భలే ఉంటుంది. కోటకి మైలు దూరంలో కంటోన్మెంట్. ఉత్తరం వైపు మెల్లగా వాలిన నేల. తోటలున్న బంగళాలు, ఒక చిన్న చర్చి. కోటకీ కంటోన్మెంట్‌కీ నడుమ ఎప్పుడూ నీళ్లుండే పెద్ద చెరువు.

ఆ పెద్ద చెరువు ఊళ్లో ఎవరికి తెలియదు? పైడితల్లి అమ్మవారి విగ్రహం దొరికింది అందులోనే అని మన నమ్మకం. బొబ్బిలి యుద్ధం నాటి కథ అది. ఏటా సిరిమానోత్సవం రోజు లక్షలమంది చూసేది ఆ తల్లి పండగే. అదే చెరువు ఇంగ్లిష్ మిలటరీ వాళ్ల కళ్లకి వాటర్ సప్లై, కోటకీ తమకీ మధ్య ఒక సరిహద్దు. ఒకే చెరువు, రెండు చూపులు.

మైలు దూరం ఎందుకు అంటే దానికి కారణాలున్నాయి. కలరా, మలేరియా అంటే అప్పటి ఆర్మీకి శత్రువు తుపాకీ కంటే ఎక్కువ భయం. ఊరి గాలి మంచిది కాదని నమ్మేవాళ్లు. రెండోది క్రమశిక్షణ. సిపాయి ఊళ్లో కలిసిపోతే ఊరివాడైపోతాడు, రేపు ఊరి మీద తుపాకీ ఎత్తమంటే ఎత్తడు. అందుకే దూరంగా పెట్టారు.

పైనుంచి చూస్తే కంటోన్మెంట్ అన్నిచోట్లా దాదాపు ఒకేలా ఉంటుంది. మధ్యలో పెద్ద పరేడ్ గ్రౌండ్. గాలి తగిలేవైపు ఆఫీసర్ల బంగళాలు, ఒక్కో బంగళాకి ఎకరాల కొద్దీ ఆవరణ. మరో వైపు సిపాయిల 'లైన్లు'. ఆ పక్కన బజారు. ఇప్పటికీ పోలీస్ క్వార్టర్స్‌ని 'పోలీస్ లైన్స్' అంటున్నామంటే ఆ మాట ఆ వరసల నుంచి వచ్చిందే.

సిపాయి ఒక్కడే రాలేదు

ఇక అసలు కథలోకి వద్దాం. కంటోన్మెంట్ అంటే తుపాకులు కాదు, అన్నం. వెయ్యిమంది సిపాయిలు ఒకచోట ఉంటే రోజూ బియ్యం కావాలి, కట్టెలు కావాలి, నూనె, ఉప్పు, మిరపకాయలు కావాలి. గుర్రానికి గడ్డి కావాలి. బట్టలు ఉతకాలి, చెప్పులు కుట్టాలి, గెడ్డాలు గీయాలి. తోలు సంచుల్లో నీళ్లు మోసే భిస్తీలు, గుర్రాలు చూసే సయీసులు, గడ్డి కోసేవాళ్లు, డోలీ మోసేవాళ్లు, బట్లర్లు, వంటవాళ్లు, ఆయాలు, రెండు భాషలు తెలిసిన దుబాసీలు.. ఒక్కో తెల్ల ఆఫీసర్ ఇంట్లోనే డజను మంది పనివాళ్లు ఉండడం మామూలు. సిపాయి కంటే సిపాయి వెనక బతికేవాళ్లే ఎక్కువ. వాళ్లకి యూనిఫామ్ లేదు, పెన్షన్ లేదు, మెడల్ అసలే లేదు.

మద్రాసు సైన్యానికి ఇంకో ప్రత్యేకత ఉంది. ఉత్తరాది బెంగాల్ సైన్యంలో సిపాయి భార్యాపిల్లల్ని ఊళ్లో వదిలేసి వచ్చేవాడు. మద్రాసు సిపాయి కుటుంబంతో సహా కదిలేవాడు. భార్య, పిల్లలు, ఒక్కోసారి ముసలి తల్లి కూడా. పటాలం కొన్నేళ్లకొకసారి ఊరు మారేది. విజయనగరం నుంచి ఇంకెక్కడికో వందల మైళ్లు. నడక, ఎద్దుబండి. ఆ దారిలోనే పురుళ్లు, చావులు. గుడిసె వేసుకోడానికి సర్కారు కొంత డబ్బు ఇచ్చేది, కట్టుకోవాల్సింది మాత్రం వాళ్లే.

సిపాయి కొడుకులకి కూడా పటాలంలో చోటుండేది. 'రిక్రూట్ బాయ్స్' అని చిన్న వయసులోనే పేరు రాసుకుని కొంత జీతం ఇచ్చేవాళ్లు. పెద్దయ్యాక వాళ్లే సిపాయిలు. అంటే లైన్లలో పుట్టి, లైన్లలో పెరిగి, పరేడ్ గ్రౌండ్‌లో ఆడుకుని, అదే గ్రౌండ్‌లో కవాతు చేసేవాళ్లు ఒక తరం తర్వాత ఇంకో తరం వచ్చారు. వాళ్లకి సొంతూరు ఏది? తాతది ఒక జిల్లా, తల్లిది ఇంకో భాష, పుట్టింది మూడో ఊళ్లో. రిటైర్ అయ్యాక పెన్షన్ తీసుకుని, అలవాటైన ఊళ్లో సెటిల్ అయిపోయేవాళ్లు.

ఇలాంటి మిలటరీ కుటుంబం నుంచి వచ్చినవాళ్లలో ఒకరి పేరు చెప్తే ఆశ్చర్యపోతారు. వయొలిన్ విద్వాంసుడు ద్వారం వెంకటస్వామి నాయుడు. ఆయన 1893లో బెంగళూరులో పుట్టారు. ఎందుకంటే తండ్రి ఆర్మీలో ఉద్యోగి. రిటైర్ అయ్యాక కుటుంబం విశాఖపట్నం చేరింది. 1919లో విజయనగరం సంగీత కళాశాలలో చేరదామని వచ్చిన ఆయన్ని, పాఠం నేర్చుకోడం కాదు, చెప్పమని ప్రొఫెసర్‌గా పెట్టారు. తర్వాత ప్రిన్సిపాల్ అయ్యారు. విజయనగరం అంటే వయొలిన్ అనే పేరు తెచ్చిన మనిషి ఒక సిపాయి లోకం నుంచి వచ్చారు.

పటాలం ఎందుకు వెళ్లిపోయింది?

దీని వెనక రెండు కారణాలు ఉన్నాయి, రెండూ విజయనగరంతో సంబంధం లేనివే.

ఒకటి, 1857 తర్వాత బ్రిటిష్ వాళ్లకి 'మార్షల్ రేసెస్' అనే పిచ్చి పట్టింది. కొన్ని జాతులే యుద్ధానికి పనికొస్తాయి, మిగతావాళ్లు పనికిరారు అని. పంజాబీలు, పఠాన్లు, గూర్ఖాలు ఓకే, దక్షిణాది వాళ్లు వద్దు. 1880ల నుంచి తెలుగువాళ్ల రిక్రూట్‌మెంట్ బాగా పడిపోయింది. వందేళ్ల పాటు తమకి యుద్ధాలు గెలిచిపెట్టిన 'తిలంగా'నే పనికిరాడు అనేశారు. లాజిక్ ఏంటో వాళ్లకే తెలియాలి.

రెండోది, రష్యా భయం. సైన్యమంతా వాయవ్య సరిహద్దు వైపు ఉండాలని 1903లో కమాండర్ ఇన్ చీఫ్ కిచెనర్ మొత్తం ఆర్మీనే తిరగరాశాడు. పాత మద్రాసు పటాలాలకి నంబర్లు మారాయి, కొన్ని రద్దయ్యాయి, కొన్నింట్లో మద్రాసు వాళ్ల స్థానంలో పంజాబీలు వచ్చారు. దేశం లోపలి చిన్న చిన్న కంటోన్మెంట్లకి ఇక పనిలేదు. 1911 నాటి ఎన్‌సైక్లోపీడియా బ్రిటానికా విజయనగరం గురించి రాస్తూ ఇక్కడో చిన్న మిలటరీ కంటోన్మెంట్ ఉందని ఒక్క వాక్యంతో సరిపెట్టింది. 'చిన్న' అన్న మాటే చెప్తోంది, అప్పటికే తగ్గిపోయిందని.

సైన్యం పోతే బజారు ఏమవుతుంది? విజయనగరం అదృష్టం ఏంటంటే ఊరికి కంటోన్మెంట్ ఒక్కటే ఆధారం కాదు. కోట ఉంది, సంస్థానం ఉంది, 1879 నుంచి మహారాజా కాలేజీ ఉంది, 1888 నుంచి మున్సిపాలిటీ ఉంది, రైలు వచ్చింది. పటాలం మీద బతికినవాళ్లు ఊరి మీద బతకడం మొదలెట్టారు. అందుకే కంటోన్మెంట్ పాడుబడలేదు, ఊరే మెల్లగా దాన్ని మింగేసింది.

1979 జూన్ 1న విజయనగరం జిల్లా ఏర్పడింది. కొత్త జిల్లాకి ఆఫీసులు కావాలి. ఇవాళ కలెక్టరేట్ ఉన్నది ఈ కంటోన్మెంట్ వైపే. పటాలం కవాతు చేసిన పేటలోనే ఇప్పుడు పోలీస్ ట్రెయినీలు కవాతు చేస్తున్నారు. సర్కారు స్థలం సర్కారు దగ్గరే ఉండిపోయిందన్నమాట. ఆఫీసర్ బంగళా, పరేడ్ గ్రౌండ్ లాంటివి మ్యాపులో ఉంటాయి, ఒకరి నుంచి ఒకరికి చేతులు మారతాయి. గడ్డి కోసినవాడి గుడిసె ఏ మ్యాపులోనూ ఉండదు.

ఇల్లు నీది, నేల మాది

ఆర్మీ వెళ్లిపోని చోట పరిస్థితి ఏంటో తెలియాలంటే సికింద్రాబాద్ చూడాలి. 1798 ఒప్పందంతో హుస్సేన్ సాగర్‌కి అవతల ఇంగ్లిష్ సైన్యం దిగింది. 1806లో నిజాం సికందర్ జా పేరు మీద దానికి సికింద్రాబాద్ అని పేరొచ్చింది. రెజిమెంటల్ బజార్, జనరల్ బజార్.. పేర్లు చూస్తేనే తెలుస్తోంది కదా ఎవరి కోసం పుట్టాయో. ఉజ్జయిని మహంకాళి గుడి కూడా ఈ కథలోదే. మిలటరీలో డోలీ మోసే సురిటి అప్పయ్య 1813లో ఉజ్జయినిలో పనిచేస్తుంటే ఊళ్లో కలరా వచ్చిందని విని అమ్మవారికి మొక్కుకున్నాడని, తిరిగొచ్చాక 1815లో కొయ్య విగ్రహం పెట్టాడని చెప్తారు. ఈ రోజు ముఖ్యమంత్రులు పట్టువస్త్రాలు పట్టుకెళ్లే గుడిని మొదలుపెట్టింది ఒక డోలీ బోయీ.

అయితే సికింద్రాబాద్ కంటోన్మెంట్‌లో ఉండేవాళ్ల తలనొప్పి వేరే. దేశంలోని చాలా కంటోన్మెంట్లలో 'ఓల్డ్ గ్రాంట్' అని ఒక పద్ధతి ఉంది. 1836లో కలకత్తాలో ఇచ్చిన ఒక ఆర్డర్ దీనికి మూలం. దాని సారాంశం సింపుల్: మీరు ఇల్లు కట్టుకోవచ్చు, నేల మాత్రం సర్కారుది. కావాలంటే నెల రోజుల నోటీసిచ్చి, ఇంటి ఖరీదు కట్టి వెనక్కి తీసుకుంటాం. తాత కట్టిన బంగళాలో మనవడు ఉంటున్నా, నేల తనది కాదు. అమ్మాలన్నా, ఇంకో అంతస్తు వేయాలన్నా పర్మిషన్. పైగా ఆర్మీ రోడ్లు మూసేస్తే చుట్టూ తిరిగి వెళ్లాలి.

అందుకే ఇప్పుడు కేంద్రం కంటోన్మెంట్లలోని సివిల్ ఏరియాలను పక్క మున్సిపాలిటీల్లో కలిపేసే పని పెట్టుకుంది. 2023లో హిమాచల్ ప్రదేశ్‌లోని యోల్ కంటోన్మెంట్‌తో అది మొదలైంది. సికింద్రాబాద్ వంతు ఎప్పుడా అని అక్కడివాళ్లు ఎదురుచూస్తున్నారు. విజయనగరంలో ఇదంతా ఎప్పుడో జరిగిపోయింది. అందుకే ఇక్కడ 'కంటోన్మెంట్‌లో ఉంటాను' అంటే అదొక అడ్రస్ మాత్రమే, గొడవ కాదు.

యూనిఫామ్ మాత్రం పోలేదు

పటాలం పోయినా ఈ జిల్లాలకి యూనిఫామ్‌తో బంధం తెగలేదు. విజయనగరం పక్కన కోరుకొండ సైనిక్ స్కూల్ 1962 జనవరి 18న మొదలైంది. పీవీజీ రాజు ఇచ్చిన కోరుకొండ ప్యాలెస్‌లో అది నడుస్తోంది. ఆలోచిస్తే విచిత్రంగా ఉంటుంది. సొంత సైన్యాన్ని తీసేయమని ఒత్తిడి చేస్తే ఒప్పుకోక ప్రాణం ఇచ్చిన రాజుగారి వంశం, స్వతంత్రం వచ్చాక తన ప్యాలెస్‌ని ఆర్మీ ఆఫీసర్లను తయారుచేసే బడికి ఇచ్చింది. డెంకాడ మండలం చింతలవలసలో ఏపీఎస్పీ ఐదో బెటాలియన్ ఉంది. అది పోలీసు బలగమే, కానీ అక్కడివాళ్లకి అది 'బెటాలియన్' అనే ఒక స్టాప్, ఒక బజారు, ఒక బతుకు. శ్రీకాకుళంలో, విజయనగరంలో జిల్లా సైనిక సంక్షేమ ఆఫీసులకి వచ్చే మాజీ జవాన్లను చూస్తే ఎన్ని ఊళ్ల నుంచి ఆర్మీకి వెళ్తున్నారో అర్థమవుతుంది. ఇక్కడ బేస్ లేదు, కానీ బేస్‌లకి మనుషుల్ని పంపే ఊళ్లున్నాయి.

ఇక నేవీ. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖ మీద బాంబులేశాక ఆ రేవు విలువ అందరికీ తెలిసొచ్చింది. 1968 మార్చి 1న తూర్పు నౌకాదళ కమాండ్ ఏర్పడింది. డాక్‌యార్డు, షిప్‌యార్డు, రిఫైనరీ.. అన్నీ ఒకే వైపు. ఆ వైపు మల్కాపురం, సింధియా, శ్రీహరిపురం వీధుల్లో ఒక్కసారి తిరగండి. మాట వింటేనే తెలిసిపోద్ది, శ్రీకాకుళం యాసా విజయనగరం యాసా అని. పాత కంటోన్మెంట్‌కి బియ్యం, కట్టెలు మోసిన పల్లెలే కొత్త బేస్‌కి వెల్డర్లను, ఫిట్టర్లను, క్యాంటీన్ కుర్రాళ్లను, హెల్పర్లను పంపాయి. 150 ఏళ్ల కిందట బేస్ ఇంటి దగ్గరికి వచ్చింది. ఈసారి మనుషులే బేస్ దగ్గరికి వెళ్లారు.

భోగాపురం లింకు ఇదే

విశాఖ ఎయిర్‌పోర్టులో మీరు విమానం ఎక్కి ఉంటే, అది నేవీ వాళ్ల ఐఎన్ఎస్ డేగా అని గమనించే ఉంటారు. రన్‌వే నౌకాదళానిది. పౌర విమానాలకి అందులో కొంత టైమ్, కొంత చోటు. 1991లో ఐఎన్ఎస్ డేగాగా మారిన ఆ స్టేషన్ చుట్టూ ఊరు పెరిగింది, ఫ్లైట్లు పెరిగాయి. చోటు పెరగలేదు. అందుకే కొత్త ఎయిర్‌పోర్టు కావాలన్నారు. దానికి దొరికిన చోటు విజయనగరం జిల్లా భోగాపురం.

2015లో మొదట 15 వేల ఎకరాల దాకా తీసుకుంటామన్న మాట బయటికి రాగానే భోగాపురం చుట్టుపక్కల పల్లెలు రోడ్డెక్కాయి. రైతులు కోర్టుకి వెళ్లారు. జీడి తోటలు, కొబ్బరి తోటలు, నర్సరీలు ఉన్న నేల అది. లెక్క తగ్గుతూ తగ్గుతూ చివరికి 2,200 ఎకరాల దగ్గరికి వచ్చింది. 2019 ఫిబ్రవరి 14న ఒకసారి, 2023 మే 3న ఇంకోసారి శంకుస్థాపన జరిగింది. దానికి అల్లూరి సీతారామరాజు పేరు పెట్టారు.

ఆ రన్‌వే కోసం నాలుగు ఊళ్లు ఖాళీ అయ్యాయి. మరడపాలెం, ముడసర్లపేట, బొల్లింకలపాలెం, రెల్లిపేట. వాళ్లకి పోలిపల్లి, గూడెపువలసల దగ్గర పునరావాస కాలనీలు కట్టారు. అన్నట్టు, ఈ రెండు జిల్లాల్లో ఊళ్ల పేర్ల చివర 'వలస' ఎంత మామూలో చూశారా? చింతలవలస, ఆమదాలవలస, గూడెపువలస. ఎప్పుడో ఎక్కడి నుంచో లేచి వచ్చినవాళ్లు వేసుకున్న ఊళ్లు అవి. ఇప్పుడు అలాంటి ఒక ఊరికి మళ్లీ కొత్తగా వలస వచ్చారు.

నేలకి పరిహారం, ఇంటికి స్థలం వచ్చాయి. వాళ్లు ఇంకా అడుగుతున్నది ఉద్యోగాలు. ఎయిర్‌పోర్టు నడవాలంటే పైలట్లు మాత్రమే సరిపోరు. హౌస్‌కీపింగ్, క్యాంటీన్, లాండ్రీ, ట్రాలీలు, సెక్యూరిటీ, క్యాబ్‌లు, పార్కింగ్.. పాత రోజుల్లో పటాలం వెనక నడిచినవాళ్లు చేసిన పనుల్లాంటివే ఇవన్నీ. అప్పట్లో కంటోన్మెంట్ బజారులో ఎవరికి కొట్టు ఇవ్వాలో ఆఫీసర్ ఇష్టం. ఇప్పుడు ఈ పనులన్నీ కాంట్రాక్టర్ చేతిలోకి వెళ్తాయి. ఆ కాంట్రాక్టుల్లో నాలుగు ఊళ్ల వాళ్లకి ఇన్ని పోస్టులు అని రాతపూర్వకంగా ఉంటుందా, ఉండదా? భూమి ఇచ్చిన ఇళ్లలో డిగ్రీ, ఐటీఐ చదివిన పిల్లలు అడుగుతున్న ప్రశ్న అదే.